నొక్కు... లాగు

ఖమ్మం మిర్చి యార్డులో ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా వినపడదు. ప్రతి వాక్యం మధ్యలో ఒక దగ్గు వస్తుంది. రహస్యాలు మాట్లాడుకోవడానికి జిల్లాలో ఇంతకంటే మంచి చోటు లేదని గూఢచారి యూనిట్ చీఫ్ రామ్‌సింగ్ నమ్మకం.

ఆయన ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, కమీషన్ ఏజెంటు వేషంలో బస్తాల మధ్య నిలబడి ఉన్నాడు. కోటేష్ రైతులా వచ్చాడు. బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి విరిచాడు.

"తేజా రకం ఎట్లున్నది?" అన్నాడు చీఫ్.

"తాలు ఎక్కువున్నది సార్."

కోడ్ సరిపోయింది. చీఫ్ దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు.

"డాక్టర్ శ్యామల. మిసైల్ గైడెన్స్ సైంటిస్ట్. వాళ్లమ్మను తీసుకుని పర్ణశాల వస్తున్నది. సెక్యూరిటీ వద్దన్నదట. పోలీసుల నడుమ నిలబడి మొక్కు తీర్చుకుంటే దేవుడు కూడా చేతులెత్తుతడు అన్నదట."

"ఆమెను చంపనీకి ఎవరు చూస్తున్నరు?"

"బయటి దేశపు గ్యాంగ్. నడిపేటోనికి మనం పెట్టుకున్న పేరు జాలరి. ఫోటో లేదు, వేలిముద్ర లేదు. కానీ పని జరిగేటప్పుడు పక్కనే ఉంటడు. కండ్లతోటి చూస్తెనే నమ్ముతడు వాడు."

"షూటర్?"

చీఫ్ ఫోన్ చూపించాడు. నల్లకళ్లద్దాలు, ముదురాకుపచ్చ నేత చీర, భుజానికి కెమెరా. అద్దాలు పెట్టుకున్నా ఆమె ఎవరినో చూసి నవ్వుతున్నట్టు తెలుస్తోంది.

"గోరి. ఇక్కడ ఉషారాణి అని తిరుగుతున్నది. వెబ్ సిరీస్‌కు లొకేషన్ మేనేజర్ అంట. మనోళ్లకు సమాచారం అమ్మింది, వాళ్లకూ అమ్మింది. ఆఖర్ల ఎవలు పిలిస్తే వాళ్ల దిక్కు."

"ఇప్పుడే లోపలెయ్యొచ్చు కదా సార్."

"ఏస్తే జాలరి జారిపోతడు. ఇను. ఆమె చేతికి కొత్త పిస్టల్ వచ్చింది. ట్రిగ్గర్ మొండిగున్నది. సన్నపని తెలిసిన మెకానిక్ కోసం దేవులాడుతున్నది. అశ్వారావుపేటల నీ షాపు పేరు మనమే ఆమె చెవిల ఏసినం."

కోటేష్‌కు అర్థమైంది. ఈ ఉద్యోగంలోకి రాకముందు అతను పోలీసు ఆర్మరర్, తుపాకులు బాగుచేసేవాడు. తుపాకుల లోపలి భాగాలు అతని వేళ్లకు తెలుసు. కొన్ని నెలలుగా అశ్వారావుపేటలో, పామాయిల్ తోటల రైతులకు స్ప్రేయర్లు బాగుచేసే చెవిటి మెకానిక్‌గా బతుకుతున్నాడు. చెవికి పెట్టుకున్న వినికిడి మిషన్ యూనిట్ ఇచ్చిన గ్యాడ్జెట్. గుసగుసను కూడా రికార్డు చేస్తుంది, అవసరమైతే చీఫ్ మాటను చెవిలోకి తెస్తుంది.

"తుపాకీని ఖరాబ్ చెయ్యాల్నా?"

"వద్దు. అడవిల కాల్చి చూసుకుంటది. తేడా కొడితే నువ్వుండవ్, ఆపరేషన్ ఉండదు. మంచిగ చెయ్. నీకు చేతనైనంత మంచిగ."

బస్సులో తిరిగి వస్తూ కోటేష్ ఆ ఆఖరి మాటనే తలుచుకున్నాడు. ఒక మనిషిని చంపబోయే వస్తువును నీకు చేతనైనంత మంచిగా చెయ్యి. ఉత్తర్వు ఇచ్చింది వేరేవాళ్లు. చేతులు మాత్రం తనవి.

*

"ఓ ఉస్తాదూ!" పక్క టీకొట్టు ఎర్రమ్మ అరుపుకు రోడ్డు మీద ట్రాక్టర్ డ్రైవర్ కూడా తిరిగి చూశాడు. "నీకోసం ఎవలో సినిమామె వచ్చింది! జర తల దువ్వుకో!"

గోరి లోపలికి వచ్చి కళ్లద్దాలు తీసింది. ఫోటోలో కంటే అలసటగా ఉంది. గుడ్డలో చుట్టినదాన్ని బెంచీ మీద పెట్టింది.

"షూటింగ్‌ది," అంది గట్టిగా. "డమ్మీ. కానీ హీరోయిన్‌కు ట్రిగ్గర్ నొక్కస్తలేదు. చేస్తవా?"

గుడ్డ విప్పగానే అది డమ్మీ కాదని కోటేష్‌కు తెలిసింది. అతనికి తెలిసిందని ఆమెకూ తెలిసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. చెవిటివాడికి నోరు కూడా ఉండదని లోకం అనుకుంటుంది.

ఆ రకం పిస్టల్‌కు వెనక సుత్తి కనిపించదు. లోపల స్ప్రింగు బిగువులో స్ట్రైకర్ అనే చిన్న పిన్ను కాచుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ముందు కాస్త దూరం ఖాళీగా కదులుతుంది. తర్వాత ఒకచోట గట్టిగా ఆగుతుంది. ఆర్మరర్లు దాన్ని గోడ అంటారు. గోడ దాటితే పేలుతుంది. కొత్త తుపాకీలో ఆ దారంతా ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది.

కోటేష్ దాన్ని విప్పాడు. ఇనుము ఇనుమును రాసుకునే చోట్లను ఓపికగా నునుపు చేశాడు. ఎక్కువ అరగదీస్తే తుపాకీ తనంతట తనే పేలుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. పని చేస్తున్నంతసేపు అతను హాయిగా ఉన్నాడు. మళ్లీ బిగించి నొక్కి చూస్తే గోడ గాజుముక్కలా టక్కున విరిగింది. పెదవుల మీదికి నవ్వు వచ్చింది. నవ్వుతున్నానని గమనించగానే పిస్టల్‌ను గుడ్డలో చుట్టేశాడు.

గోరి అడవిలోకి తీసుకుపోయి కాల్చి వచ్చింది. "మస్తుగున్నది ఉస్తాద్. ఇంకొంచెం మెత్తగ అయితదా?"

"అయితది మేడం. కానీ ఇగ నా ఆకురాయి చెయ్యలేదు. మీ వేలు చెయ్యాలె."

ఆ మాట అంటున్నప్పుడే అతనికి ఆలోచన వచ్చింది. ఇనుమును పాడుచెయ్యొద్దన్నారు. చేతి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్‌ను వేలసార్లు నొక్కితే లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడతాయి. దాన్ని డ్రై ఫైర్ అంటారు. స్ట్రైకర్ పిస్టల్‌తో ఒక చిక్కుంది. ఒకసారి టిక్కుమన్నాక ట్రిగ్గర్ చచ్చిపోతుంది. పైనున్న స్లైడ్‌ను చేత్తో వెనక్కి లాగితేనే మళ్లీ ప్రాణం వస్తుంది. నిజం తూటా పేలినప్పుడు ఆ పని తుపాకీయే చేసుకుంటుంది. అప్పుడు చెయ్యి లాగితే మంచి తూటా ఒకటి పేలకుండా బయటపడుతుంది. ఒక క్షణం పోతుంది. ఎదుట మనిషి ఉన్నప్పుడు ఒక క్షణం చాలు.

అందుకే ఏ ఆర్మరర్ అయినా ట్రైనింగు మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. టిక్కుమన్నాక తుపాకీ కిందికి దించు, ఊపిరి పీల్చు, ఆ తర్వాత లాగు. నొక్కడాన్నీ లాగడాన్నీ ఒకే కదలికగా చెయ్యకు. చేస్తే చెయ్యి దాన్ని మర్చిపోదు.

కోటేష్ ఆ ఒక్క మాట చెప్పలేదు.

"తుపాకీ దించొద్దు మేడం. కన్ను గురి మీదనే ఉండాలె. నొక్కు... లాగు. నొక్కు... లాగు. పాటలెక్క పోవాలె."

గోడ మీద పామాయిల్ గెల బొమ్మ ఉన్న క్యాలెండర్ వేలాడుతోంది. గోరి ఒక పండు మీద గురిపెట్టి నొక్కింది. టిక్. లాగింది. నొక్కింది. ఆమె అలసిపోతే అతను తీసుకుని చేసి చూపించేవాడు. ఒకసారి ఆమె, ఒకసారి అతను. స్ప్రేయర్లు తెచ్చిన రైతులు సినిమా రిహార్సల్ అనుకుని గుమ్మంలో నిలబడి చూసేవారు.

"హీరోయిన్ ఎవరమ్మా?" అని ఎర్రమ్మ అడిగింది ఒకరోజు టీ గ్లాసులు పెడుతూ.

"నేనే అనుకో పెద్దమ్మా."

"నువ్వైతే సరే. మరి హీరో? ఈ చెవిటోడా? లవ్ సీన్ల నువ్వు ఒకటి చెప్తె ఈయన ఒకటి చేస్తడు బిడ్డా!"

గోరి పడీపడీ నవ్వింది. కోటేష్ వినపడనట్టు టీ తాగాడు. చెవిటితనం ఎంత సుఖమో అతనికి ఆ వారాల్లోనే తెలిసింది. అవమానానికీ ఆప్యాయతకూ, దేనికీ జవాబు చెప్పనక్కర్లేదు.

ఆమె మంచి శిష్యురాలు. అదే అతనికి భరించరానిదయింది. చెప్పింది చెప్పినట్టు చేసేది. వేలికి కాయ కాస్తే గుడ్డ చుట్టుకుని చేసేది. అడవి దారిలో కొన్న తునికి పండ్లు అతని బెంచీ మీద పెట్టి పోయేది. రోజులు గడిచేకొద్దీ ఆమె చెయ్యి ఆమె కంటే ముందు కదలడం మొదలుపెట్టింది. టిక్కు ఇంకా చెవిలో ఉండగానే ఎడమచెయ్యి స్లైడ్ మీదికి ఎగిరేది. చూస్తూ అతను మనసులో ఒక పని చేసేవాడు. ఆమె చెడ్డదని తనకు తాను చెప్పుకునేవాడు. శ్యామల ముఖం తలుచుకునేవాడు, ఆ ముసలి తల్లిని తలుచుకునేవాడు. ద్రోహం చేసేవాడికి ఎదుటిమనిషి ద్రోహి కావడం చాలా అవసరం. లేకపోతే మొత్తం పాపం ఒక్కడే మోయాలి.

ఆఖరి పాఠం రోజు ఆమె మధ్యలో ఆగింది. కోటేష్ వీపు తిప్పి స్ప్రేయర్ నాజిల్ శుభ్రం చేస్తున్నాడు. వెనక నుంచి, చాలా మెల్లగా, ఎవరితోనూ కానట్టుగా ఆమె అంది:

"పర్ణశాలల నేను కాల్చేది వాళ్లు చెప్పినోళ్లను కాదు. నా మాట ఇంటున్నోళ్లు ఎవరన్నా ఉంటే, ఆరోజు నా అడ్డం రావొద్దు."

వినికిడి మిషన్‌లో ప్రతి అక్షరం పడింది.

తిరిగి చూస్తే చెవిటివాడు కాడని తేలిపోతుంది. ఇది పరీక్ష కావచ్చు. అతను తిరిగి చూడలేదు. నాజిల్‌ను నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. ఆమె కాసేపు ఆగింది. తర్వాత మళ్లీ టిక్. వెంటనే లాగిన శబ్దం.

పోయేముందు ఎదురుగా వచ్చి, గట్టిగా అడిగింది. "ఇంకేమన్న చెప్పేదున్నదా ఉస్తాద్? మర్చిపోయింది ఏమన్న?"

దాచిన మాట అతని నాలుక మీదికి వచ్చింది. "ఏం లేదు మేడం," అన్నాడు. "అంతా చెప్పిన."

చీఫ్‌కు రికార్డింగ్ పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. "టెస్ట్ అది. మంచిగ తప్పించుకున్నవ్. ఆమె చేతికి నువ్వు పెట్టిన మెలిక మాత్రం అదిరింది కోటేష్." ఆ పొగడ్త చూసి అతను ఫోన్‌ను పనిముట్ల పెట్టెలో, నూనెగుడ్డ కింద దాచేశాడు.

*

పర్ణశాలలో ఎండ మండుతోంది. గోదావరి సన్నబడి ఇసుక మధ్య మెరుస్తోంది. కోటేష్ తలకు తువ్వాలు చుట్టి, ముఖానికి మసి పూసుకుని, తాటిముంజల బుట్ట ముందు కూర్చున్నాడు. తాటాకుల కింద అతని సర్వీస్ పిస్టల్ ఉంది. అదీ స్ట్రైకర్ రకమే.

డాక్టర్ శ్యామల తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. మామూలు కాటన్ చీర, రబ్బరు చెప్పులు. చూస్తే బడి పంతులమ్మ అనుకుంటారు.

"లేతవి చూసియ్యి నాయనా," అంది ముసలామె. "పండ్లు లేవు నాకు."

"దవడలతో నమిలేస్తదిలే. మాటలు మాత్రం పండ్లున్నట్టే మాట్లాడతది," అంది శ్యామల.

"నీ మిసైళ్ల కంటే నా మాటలే దూరం పోతయ్!"

కోటేష్ ముంజె కోసి ఇచ్చాడు. అతని కళ్లు మాత్రం వాళ్ల భుజాల మీదుగా చూస్తున్నాయి. గోరి వచ్చింది. కెమెరా సంచీ. ముదురాకుపచ్చ చీర. ఆమె పక్కన కాషాయ పంచె కట్టుకున్న పెద్దాయన, చేతిలో మూసిన నల్లగొడుగు, ఇంకో చేతిలో జపమాల. ఇంత ఎండలో గొడుగు మూసుకుని ఎవరు నిలబడతారు?

"చీఫ్," అన్నాడు కోటేష్ పెదవులు కదలకుండా. "కాషాయం పంచె. గొడుగు. జాలరి కావొచ్చు."

"టీమ్ వస్తున్నది. ఆపు వాళ్లను," అంది చెవిలోని మిషన్.

పెద్దాయన గొడుగు విప్పాడు.

అదే సిగ్నల్. గోరి చెయ్యి సంచీలోంచి బయటికి వచ్చింది. అది కోటేష్ నునుపు చేసిన పిస్టలే. కోటేష్ తాటాకుల కింద నుంచే ఆమె గుండెకు గురిపెట్టాడు. ట్రిగ్గర్ ఖాళీ దూరం దాటింది. గోడ తగిలింది.

అక్కడ వేలు ఆగింది. ఆగమని అతను చెప్పలేదు. నా అడ్డం రావొద్దు అన్న గొంతు మాత్రం లోపలెక్కడో వినపడింది. అది నమ్మకమో పిరికితనమో తేల్చుకునే తీరిక లేదు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే, పళ్లు లేని తల్లి ముందే కూతురు పడిపోతుంది. దానికి కారణం తన వేలే అవుతుంది.

గోరి పిస్టల్ శ్యామల వైపు లేచింది. లేస్తూనే పక్కకు తిరిగింది. పేలింది.

గొడుగు దొర్లింది. జాలరి మోకాలు పట్టుకుని కూలిపోయాడు. అతని వెనక, పడవవాడి వేషంలో ఉన్న బాడీగార్డు లుంగీ మడతలోంచి తుపాకీ తీశాడు. గోరి చూసింది. గురి అప్పటికే అతని మీద ఉంది. నొక్కితే చాలు.

ఆమె ఎడమచెయ్యి స్లైడ్ మీదికి ఎగిరింది. లాగింది.

పేలని తూటా ఒకటి ఎండలో మెరుస్తూ ఇసుకలో పడింది. ఆ ఒక్క క్షణంలో బాడీగార్డు కాల్చాడు. గోరి పిస్టల్ ఎగిరిపోయింది. ఆమె కుడిచేతిని కడుపుకు అదుముకుని మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఆమె ముఖంలో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. తన చెయ్యి తనను అమ్మేసినట్టు చూస్తోంది దాన్ని.

బాడీగార్డు తుపాకీ శ్యామల వైపు తిరిగింది. ఆమె తల్లిని కప్పుకుని వంగింది.

కోటేష్ కాల్చాడు. భుజానికి తగిలింది. బాడీగార్డు తూలాడు కానీ పడలేదు, తుపాకీని రెండో చేతికి మార్చుకున్నాడు. మళ్లీ కాల్చాలి. అప్పుడు కోటేష్ తన ఎడమచేతిని చూశాడు. అది పిస్టల్ మీద ఉంది. స్లైడ్ అప్పటికే వెనక్కి వచ్చేసింది. పేలని తూటా ముంజల బుట్టలో పడింది.

నొక్కు, లాగు. ఒకసారి ఆమె, ఒకసారి అతను.

బాడీగార్డు వేలు బిగుసుకుంటుండగా కోటేష్ రెండోసారి నొక్కాడు. ఈసారి గోడ విరిగింది. పడవవాడు పడిపోయాడు. వాడి తూటా శ్యామల తల మీదుగా పోయి, రేకుల పందిరికి చిల్లు పెట్టింది.

టీమ్ పరుగెత్తుకొచ్చింది. చేతిలోని ముంజెను ఇంకా వదలని ముసలామె అడిగింది. "ముంజలోడివి నీ దగ్గర తుపాకీ ఏంది నాయనా?"

అతను అప్పటికే గోరి దగ్గరికి పరుగెడుతున్నాడు.

*

భద్రాచలం దవాఖానా వరండాలో చీఫ్ రామ్‌సింగ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. జాలరి దొరికాడు. శ్యామల మొక్కు తీర్చుకుని వెళ్లిపోయింది. ఆయన ముఖంలో మాత్రం గెలిచిన కళ లేదు.

"గోరి ఢిల్లీ ఏజెన్సీ మనిషట," అన్నాడు. "మొదటి నుంచి. జాలరిని బయటికి గుంజుడే ఆమె డ్యూటీ అట."

"మనకెందుకు చెప్పలే సార్?"

"నీ సంగతి మనం వాళ్లకు చెప్పినమా?"

చీఫ్ జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవర్లు తీశాడు. ఒక్కోదాంట్లో ఒక తూటా.

"ఇవి పేలలే. ఒకటి ఇసుకల దొరికింది, ఆమెది. ఇంకోటి ముంజల బుట్టల దొరికింది. ఇది ఎవరిది?"

"నాదే సార్."

"నీ తుపాకీ జామ్ అయిందా?"

"లేదు సార్. తుపాకీ మంచిగనే ఉన్నది."

చీఫ్ కవర్లు జేబులో పెట్టుకుని, దగ్గాడు. ఇక్కడ మిర్చి లేదు.

లోపల గోరి దిండుకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి కట్టులో ఉంది. చూపుడువేలు ఉండాల్సిన చోట కట్టు పొట్టిగా ఆగిపోయింది. కోటేష్ స్టూలు మీద కూర్చున్నాడు. వినికిడి మిషన్ తీసి మంచం పక్కన పెట్టాడు.

"ఇప్పుడు ఇనిపిస్తదా ఉస్తాద్?" అంది ఆమె మెల్లగా.

"అవ్."

"అప్పుడు కూడా ఇనిపించింది."

"అవ్."

"నాకు తెలుసు. ఎర్రమ్మ పెద్దమ్మ జోకులకు నీ చెవులు ఎర్రబడేటియి." ఆమె కట్టు వంక చూసుకుంది. "పండుకుని ఆలోచించిన. కాల్చినంక నా చెయ్యి ఎందుకు లాగింది? నేను లాగమనలే. నువ్వు లాగించినవ్. పాఠంల ఏదో ఒకటి తప్పించినవ్. ఏంది అది?"

అబద్ధాలు అతనికి చాలా తెలుసు. ఒక్కటీ రాలేదు.

"టిక్కుమన్నంక తుపాకీ దించాలె. ఊపిరి పీల్చాలె. అప్పుడు లాగాలె."

"గంతేనా?"

"గంతే."

"గీ ఒక్క ముక్కకు నా వేలు పోయింది," అంది ఆమె. కోపంగా అనలేదు. అన్నా బాగుండేది. తిట్టినవాళ్ల ముందు తల వంచుకోవచ్చు, అక్కడితో కొంత తీరుతుంది. ఆమె ఏమీ తీర్చలేదు.

"నువ్వు చెడ్డదానివి అయితే మంచిగుండేది అనుకున్న," అన్నాడు కోటేష్. "రోజూ అనుకున్న."

"నేను కూడా నువ్వు నిజంగ చెవిటోడివైతే మంచిగుండేది అనుకున్న. జర మనసు విప్పి మాట్లాడుకునేదాన్ని."

నర్సు వచ్చి టైమైపోయిందంది. కోటేష్ లేచాడు. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలుపు వచ్చింది. ఈసారి అతను తిరిగి చూశాడు.

గోరి ఎడమచెయ్యి దుప్పటి మీద పెట్టి, చూపుడువేలిని వంచి చూసుకుంటోంది.

"దీనికింకా ఏ అలవాటూ లేదు ఉస్తాద్," అంది. "కొత్తది. ఈసారన్నా పాఠం మొత్తం చెప్పు."